మెటాల్ పడని చేతులు

ఇలాంటి ఉద్యోగ జ్ఞాపకాలు పదవీ విరమణ చేసినవాళ్లు రాస్తారు. నాకింకా ముప్పై నిండలేదు. నన్నెవరూ దండ వేసి, గడియారం చేతికిచ్చి సాగనంపలేదు. అయినా ఆ పని నాకు అయిపోయింది. ఫోటో స్టూడియోల్లో డార్క్‌రూము పనికి ఇప్పుడు ఆడపిల్లల్ని తీసుకుంటున్నారని విన్నాను. చీకటి గది, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, నాలాంటి బిడియస్తులకు హాయి అనుకుని చేరతారు. నేనూ అలాగే చేరాను. మీలో ఎవరైనా ఆ గదిలోకి వెళ్లబోతుంటే, ముందు ఇది చదవండి.

మాది బాగ్‌బేరా రైల్వే క్వార్టర్సు. నాన్న టాటానగర్ యార్డులో షంటింగ్ డ్రైవరు. ఇంటర్ తర్వాత నా చదువు సాగలేదు. దొరికిన పుస్తకమల్లా చదవడం, రాత్రి పడుకునే ముందు డైరీ రాసుకోవడం తప్ప నాకు వేరే విద్య లేదు. కొట్లో పంచదార అడగాలన్నా చెల్లెల్ని పంపేదాన్ని. అలాంటి నాకు ఉద్యోగం చూపించినాయన మా వరసలోనే ఉండే గూడ్సు గార్డు. చుట్టం కాదు గానీ బాబాయి అనే పిలిచేవాళ్లం. ఆయనకి ఫోటోల పిచ్చి. డ్యూటీ సంచిలో జెండాల పక్కన ఒక రష్యన్ కెమెరా ఎప్పుడూ ఉండేది.

"సీకటి గదిలో పనమ్మా. మాటాడక్కర్లేదు. నీకోసం కట్టినట్టున్నాది. వత్తావా?" అన్నారు. వెళ్లాను.

స్టూడియో బిష్టుపూర్‌లో, బట్టల కొట్టు మీద మేడలో ఉండేది. యజమానిని అందరూ మాస్టారు అనేవారు. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవులు. వయసులో ఉన్నప్పుడు మిషన్ బడిలో పాఠాలు చెప్పారట, ఆ పిలుపు అలా ఉండిపోయింది. మొదట నాకిచ్చిన పని చుక్కలు దిద్దడం. ఈ ఊళ్లో ఫ్యాక్టరీ మసి చేరని చోటు లేదు. ఆరేసిన నెగెటివ్ మీద అది పడితే, ప్రింటులో అక్కడ తెల్లచుక్క వస్తుంది. సన్నటి కుంచెతో ఆ చుక్కల్ని ఒక్కొక్కటే మూసెయ్యాలి. పెళ్లికూతుళ్ల ముఖాల మీద పడ్డ ఊరి మసిని తుడవడమే నా ఉద్యోగమని డైరీలో రాసుకుని, ఆ వాక్యానికి నేనే మురిసిపోయాను.

తర్వాత మాస్టారు నన్ను ఎర్రబల్బు గదిలోకి తీసుకెళ్లి ప్రింట్లు వేయడం నేర్పారు. వెలుతురు సోకిన కాగితాన్ని డెవలపర్ ట్రేలో ముంచితే బొమ్మ మెల్లగా పైకి వస్తుంది. ఎక్కడైనా ఒక చోటు, ఆకాశమో, తెల్లచీరో, ముదరకుండా పాలిపోయి ఉంటే, ఆ చోటుని వేలికొసలతో రుద్దాలి. వేలి వేడికి అక్కడ మాత్రం బొమ్మ ముదురుతుంది. ఇది పుస్తకాల పద్ధతి కాదు. ఆ స్టూడియో పద్ధతి. వేరేచోట్ల కాగితాన్ని పటకారుతో పట్టుకుని కదిలిస్తారు.

"పటకారుకి వేడుండదమ్మా," అనేవారు మాస్టారు. డెవలపర్లో ఏళ్ల తరబడి నానిన ఆయన గోళ్లు కాఫీ రంగులో ఉండేవి. వాటిని డిగ్రీ పట్టాలా చూపించేవారు.

నాకు ఆ పని అబ్బింది. జీవితంలో ఇంకేదీ నాకు అలా అబ్బలేదు.

ఆదివారం మాస్టారు చర్చి నుంచి వచ్చాక స్టూడియో ముందుగదిలో ఫోటోల పిచ్చివాళ్లంతా చేరేవారు. ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగం చేసే ఒక బెంగాలీ ఇంజనీరు, గార్డు బాబాయి, ఇంకో నలుగురైదుగురు. సగం పొద్దు కెమెరాల గొడవే. ఇంజనీరుగారిది జర్మన్ కెమెరా. దాన్ని మెత్తటి పసుపు గుడ్డలోంచి తీసేటప్పుడు అందరూ మాటలాపేవారు. మంచి లెన్సుంటే సగం ఫోటో అయినట్టేనని ఆయన వాదన. కాళ్లున్నవాడికి లెన్సెందుకు, దగ్గరికి నడవొచ్చు కదా అని బాబాయి వాదన.

"నీ రష్యా కెమెరా నొక్కితే ఆదిత్యపూర్ దాకా వినపడుతుందయ్యా," అనేవారు మాస్టారు.

"వినపడనీండి మాస్టారూ. ఫోటో తీసినట్టు ఆళ్లకీ తెలుత్తాది."

ఆ తర్వాత అసలు పని. గోడకి ఒక చెక్కపట్టీ ఉండేది. ప్రింట్లు దానిమీద నిలబెట్టేవారు. ఎవరిదో చెప్పకూడదు. తీసినవాడు నోరు మెదపకూడదు. చూసినవాళ్లు మొదట ఒక తప్పు చెప్పాలి, ఆ తర్వాతే మెచ్చుకోవాలి. అంతా అయ్యాక, తీసినవాడు లేచి "నాది" అని తన చేత్తో ప్రింటు తీసుకోవాలి. ఎవరూ తీసుకోని ప్రింటు చెత్తబుట్టలోకి పోతుంది. మొహమాటాలు ఫోటోగ్రఫీని చంపేస్తాయని ఇంజనీరుగారు పెట్టిన కట్టుబాటు ఇది. సాయంత్రం ఫ్యాక్టరీవాళ్లు స్లాగ్, అదే ఎర్రగా కరిగిన ఇనుప చిట్టెం, కుమ్మరించే వేళ వెలిగే ఆకాశాన్ని ఈ ఊళ్లో ఫోటో తీయనివాడు లేడు. అందుకని ప్రతి వారం ఒకే ప్రశ్న వచ్చేది. "ఆస్మాన్ కహాఁ గయా?" అని ఇంజనీరుగారు అడిగేవారు. ఆకాశం ఎక్కడికి పోయిందని. ఎందుకంటే నెగెటివ్‌లో ఉన్న ఆకాశం ప్రింటులో తెల్లగా పాలిపోయేది.

అప్పుడు ఆ నెగెటివ్ నా దగ్గరికి వచ్చేది. నేను రుద్ది రుద్ది ఆకాశాన్ని రప్పించేదాన్ని. మళ్లీ ఆదివారం చెక్కపట్టీ మీద మబ్బులతో నిలబడేది. నేను ఎర్రగది తెర పక్కన స్టూలు మీద కూర్చుని వినేదాన్ని. ఒక్కమాట మాట్లాడేదాన్ని కాదు. కానీ ఆ గదిలో నా గురించి నాతో సంబంధం లేకుండా ఒక మంచిమాట పుడుతున్నదని తెలిసేది. దానికోసం ఆరు రోజులూ పనిచేసేదాన్ని.

తర్వాతి వేసవికి వేళ్ల సందుల్లో దురద మొదలైంది. పొక్కులు వచ్చాయి, పగిలాయి. కణుపుల దగ్గర చర్మం గీతలు గీతలుగా చీలింది. అన్నం ముద్ద కలిపితే ఉప్పు మండేది.

"ఏటే ఇవి, సేతులా?" అంది అమ్మ. "ఉల్లిపొట్టులా లేచిపోతన్నాది సర్మం."

"సబ్బు పడలేదు."

"సబ్బా? మా అందరికీ పడిన సబ్బు నీకే పడలేదేటి? ఆ కంపు పని మానెయ్. ఈ సేతులు సూసి ఎవుడు సేసుకుంతాడే నిన్ను?"

స్టూడియో ముందుగది బీరువాలో ఫోటోగ్రఫీ మీద పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. మధ్యాహ్నాలు అది చదివేదాన్ని. అందులో చిన్న అక్షరాల్లో ఉంది నా సంగతి. డెవలపర్లో కలిపే మెటాల్ అనే మందు కొందరి ఒంటికి పడదు. ఒకసారి పడనిదైతే మళ్లీ ఎప్పటికీ పడదు. అలాంటివాళ్లు చెయ్యి తడపకుండా పటకారు వాడాలి, లేదా మెటాల్ బదులు ఇంకో మందు వాడాలి. ఆ మందు మా ఊళ్లో దొరకదు. కలకత్తాలో దొరకొచ్చు. ఇంజనీరుగారు పని మీద తరచు కలకత్తా వెళ్లొస్తుంటారు.

కాబట్టి నేను చేయవలసింది ఒక్కటే. మాస్టారికి చేతులు చూపించి, ఆ మందు తెప్పించమని అడగడం. పటకారు వాడొచ్చు కదా అంటారేమో. పటకారుతో ప్రింటు ఎవరైనా వేస్తారు. అప్పుడిక నేనెందుకు? చేతులు చూస్తే మాస్టారు మంచితనం కొద్దీ నన్ను కౌంటరు మీద కూర్చోబెడతారు. రోజంతా కొత్తవాళ్లతో మాట్లాడే కౌంటరు. ఆ భయంతో అడగలేకపోయాను. రోజులు గడిచాయి. పని చేస్తున్నంతసేపూ మాస్టారు నా పక్కనే ఉండేవారు, అయినా చూడలేదు. ఎర్రబల్బు కింద ఎర్రటిదేదీ కనపడదు. చీలికలు, పుండ్లు, నెత్తురు, అన్నీ ఆ వెలుతురులో మామూలు చర్మంలాగే ఉంటాయి. బయటికి వచ్చేటప్పుడు చేతులు పైటలో చుట్టుకునేదాన్ని.

నోటితో చెప్పలేనిది ఫోటోతో చెబుదామనుకున్నాను. పుస్తకాలు చదివే పిల్లలకి వచ్చే ఆలోచనే ఇది. మాస్టారు భోజనానికి ఇంటికెళ్లిన వేళ స్టూడియో కెమెరాని స్టాండుకి బిగించి, కిటికీ దగ్గర నల్లగుడ్డ పరిచి, తనంతట తనే పడే మీట నొక్కి, చేతులు రెండూ గుడ్డ మీద పెట్టాను. ప్రింటు కూడా నేనే వేశాను. చీలికలు సరిగా తేలకపోతే, ఆ చీలికల్ని అవే వేళ్లతో రుద్దాను. ఎంత మండిందో రాయను. బొమ్మ మాత్రం బాగా తేలింది.

ఆదివారం అందరూ రాకముందే దాన్ని మిగతా ప్రింట్ల మధ్య నిలబెట్టి, నా స్టూలు మీద కూర్చున్నాను. చూడగానే ఎవరో ఒకరు ఇటు తిరుగుతారనుకున్నాను. ఇంతకంటే ధైర్యం నాలో లేదు.

దాని వంతు వచ్చింది. ఇంజనీరుగారు కళ్లద్దాలు పైకి నెట్టుకుని దగ్గరగా వెళ్లి చూశారు. తర్వాత హిందీలో మొదలుపెట్టారు. వెలుతురు చప్పగా ఉంది. ఎదుటినుంచి పడింది. పక్కనుంచి పడి ఉంటే ఒక్కొక్క చీలికకీ లోతు వచ్చేది. లెన్సు కన్నం ఇంకా చిన్నది చెయ్యాల్సింది, వేలికొసల దగ్గర ఫోకస్ జారిపోయింది.

"ముసలివాళ్ల చేతులు చూసి చూసి విసుగెత్తింది," అన్నారు ఇంకొకాయన. "ఎవరికి ఏమీ తోచకపోయినా ఒక ముసలిదాన్ని పట్టుకొస్తారు."

"యార్డులో బొగ్గేరుకునేదై ఉంటాది," అన్నారు గార్డు బాబాయి. "రోజూ సూత్తాను ఇలాటి సేతులు. అరవయ్యేళ్లుంటాయి దానికి. పాపం కదలకుండా కూకుంది, అదే గొప్ప."

"ఆవిడకి మార్కులు వేద్దాం, తీసినవాడికి వద్దు," అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు. ఇంజనీరుగారు తన ఇంట్లోనే ప్రింట్లు వేసుకుంటారు. ఇది ఆయనదే అయి ఉంటుందని మాస్టారు ఆయన వంక కొంటెగా చూస్తున్నారు. ఆయనేమో బాబాయి వంక చూస్తున్నారు.

నాకు అప్పటికి ఇరవై మూడేళ్లు.

"కిస్‌కా హై?" అన్నారు ఇంజనీరుగారు. ఎవరిది అని.

ఎవరూ లేవలేదు. ఇంకోసారి అడిగారు. మాస్టారు భుజాలెగరేసి, చెత్తబుట్టలో వేయడానికి ప్రింటు మీదికి చెయ్యి చాపారు. నేను ఎలా లేచానో నాకు తెలియదు. గదికి అడ్డంగా నడిచి, ఆయన చేతికంటే ముందు నా చెయ్యి దాని మీద పెట్టాను. నాది అనాలి. ఆ మాట రాలేదు. ప్రింటులో ఉన్న చెయ్యీ, ప్రింటు పట్టుకున్న చెయ్యీ పక్కపక్కనే పగటి వెలుతురులో ఉన్నాయి.

మాస్టారు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఓలమ్మా," అన్నారు బాబాయి మెల్లగా. "నేనేటి మాటలాడేను."

మాస్టారు నా మణికట్టు పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, అరచెయ్యి ఒకసారి, వెనకవైపు ఒకసారి తిప్పి చూశారు. "నేను పక్కనే నిలబడ్డాను కదమ్మా," అన్నారు.

అప్పుడు అడిగాను మందు సంగతి. హిందీలో ఇంజనీరుగారిని, తెలుగులో మాస్టారిని, ఒకే వాక్యంలో ఇద్దర్నీ అడిగాను. తెస్తానన్నారాయన. తర్వాత కొంచెం ఆగి, ఇంకోమాట కూడా అన్నారు. చేతులు మానకముందే ఈ ఫోటో మళ్లీ తీయాలి, పక్క వెలుతురులో.

బాబాయికి కోపం రావడం అదొక్కసారే చూశాను. "పిల్ల సేతులు కాలిపోతంటే నువ్వు లైటు సూత్తావేటయ్యా? మనిసివేనా?" అని తెలుగులోనే అరిచారు. ఇంజనీరుగారికి మాట అర్థం కాలేదు గానీ సంగతి అర్థమైంది. తలవంచుకున్నారు. కానీ వెలుతురు గురించి అన్న మాట వెనక్కి తీసుకోలేదు. నాకు ఆయన మీద గౌరవం తగ్గకపోవడానికి కారణం అదే. వెలుతురు నిజంగానే చప్పగా ఉంది.

నేను ఒప్పుకున్నాను. తర్వాతి వారం ఆయన తన జర్మన్ కెమెరా, ఒక టేబుల్ లైటు తెచ్చి, నా చేతుల్ని ఆ నల్లగుడ్డ మీదే పెట్టించి, లైటుని అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు తీశారు. దీపం వేడికి చర్మం లాగింది. నేను కదల్లేదు. కదిలితే ఫోకస్ పోతుందని నాకూ తెలుసు. బయటివాళ్లకి ఇది కిరాతకంగా కనపడొచ్చు. ఆ గదిలో మాత్రం అది మామూలు సంగతి. ఫోటో బాగు చేయగలిగి చేయకపోవడమే అక్కడ తప్పు.

కలకత్తా నుంచి మందు వచ్చింది. మాస్టారు ఒక్క మాట అడగకుండా స్టూడియో డెవలపరంతా దానితోనే కలిపారు. ట్రేలు కడిగి, పాత డబ్బాలు పారేసి, కొత్త పటకార్లు కొని, రబ్బరు తొడుగులు కూడా తెచ్చారు. తొడుగుల్లోంచి వేడి దిగదు. తీసేసి చేసేదాన్ని. వానాకాలమంతా బాగుంది. కణుపులు పూడాయి. మళ్లీ ఆకాశాలు రప్పించాను. ఒక ఆదివారం మబ్బులు పట్టిన ఒక ప్రింటుని చూసి ఇంజనీరుగారు తప్పు వెతకడానికి చాలాసేపు తీసుకున్నారు. నా ఉద్యోగంలో మంచిరోజు అదే.

చలికాలం మొదలవగానే చేతులు మళ్లీ విచ్చుకున్నాయి. ఈసారి మోచేతుల దాకా. సాక్చీలో డాక్టరు చూసి, ఇక మందు మార్చి లాభం లేదన్నారు. మొదట్లోనే ఆపి ఉంటే వేరట. ఇప్పుడు ఆ గదిలో ఉన్నదేదీ ఒంటికి పడదట. లోపలికి అడుగు పెట్టొద్దన్నారు.

ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఇది రాయడానికి కూర్చున్నప్పుడు ఎవరి మీదైనా కోపం తెచ్చుకోవాలని చూశాను. దొరకలేదు. కోపమైనా ఉంటే కొంత తేలికగా ఉండేది.

మాస్టారు నన్ను కౌంటరు మీద కూర్చోబెట్టారు. జీతం తగ్గించలేదు. భాలుబాసా నుంచి కొత్త ప్రింటర్ వచ్చాడు, పెళ్లయినవాడు, నెమ్మదస్తుడు. పటకారు వాడేవాడు. నేను పాస్‌పోర్టు సైజువాళ్లకి దువ్వెన ఇచ్చి, అద్దం చూపించి, "గురువారం రండి" అని చెప్పేదాన్ని. తెర వెనక నీళ్ల చప్పుడు వినపడేది. ఏ చప్పుడు ఏ ట్రేదో తెలిసేది. కాగితం మరీ తొందరగా బొమ్మని నిలిపే ఫిక్సర్లోకి పోతున్నదని తెలిసేది. లేచి వెళ్లడానికి లేదు. ఆదివారాలు వెళ్లడం మానేశాను. ఆకాశం ఎక్కడికి పోయిందని ఆ పెద్దమనిషి అడుగుతుంటే వినే ఓపిక లేకపోయింది. కొన్నాళ్లకి కౌంటరు కూడా మానేశాను. మాస్టారు వద్దనలేదు. మెట్ల దాకా వచ్చి, ఏదో అనబోయి, కొత్త ప్రింటర్ పిలిస్తే లోపలికి వెళ్లిపోయారు.

ఇంజనీరుగారు తీసిన ఫోటో కలకత్తాలో ఏదో పెద్ద ప్రదర్శనకి ఎంపికైంది. ఆ ప్రదర్శనవాళ్లు వేసిన చిన్న పుస్తకం గార్డు బాబాయి తెచ్చి చూపించారు. ఫోటోకి 'వృద్ధాప్యం' అని పేరు పెట్టారు. కింద ఆయన పేరు. షట్టరు నొక్కింది ఆయనే కాబట్టి అది న్యాయమే.

"నేనైతే సింపేద్దును," అన్నారు బాబాయి.

"బాగుంది కదా బాబాయ్," అన్నాను. పక్క వెలుతురులో ఒక్కొక్క చీలికా లోయలా ఉంది. వేలికొస నుంచి మణికట్టు దాకా ఫోకస్ ఎక్కడా జారలేదు. నేను తీసినదానికంటే ఎంతో బాగుంది. అందులో తప్పు ఒక్కటి కూడా కనపడలేదు నాకు.

కాబట్టి డార్క్‌రూములోకి వెళ్లే పిల్లల్లారా, మొదటి దురదకే నోరు తెరవండి. ఇంతకంటే నేను చెప్పగలిగింది లేదు. మీరు తెరవరని కూడా నాకు తెలుసు. తెరవగలిగినవాళ్లు ఆ గదిలోకి ఎందుకు వెళతారు?

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి నా చేతులు పూర్తిగా మానిపోయాయి. మందులేవీ వాడక్కర్లేకపోయింది. ఊరికే ఇంట్లో కూర్చుంటే మానాయి. ఒక మధ్యాహ్నం అమ్మ నా రెండు చేతులూ తన ఒళ్లో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఇప్పుడున్నాయి ఆడపిల్ల సేతుల్లాగ," అంది తృప్తిగా.

ఆమె లేచి వెళ్లాక నేనూ చూసుకున్నాను, కిటికీ దగ్గర, పక్కనుంచి పడుతున్న వెలుతురులో. నున్నగా, ఎవరి చేతులైనా కాగలిగినట్టు ఉన్నాయి. వాటిలో ఫోటో తీయడానికేమీ లేదు.